పద్దెనిమిదేళ్ళు నిలబడిన మనిషి

ఆసుపత్రి లాండ్రీలో దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. వేడి రోలర్ల మధ్య నుంచి బయటికొచ్చిన దుప్పటిని చెరో కొసా పట్టుకుని, ఒక్కసారి దులిపి, ఒకరికేసి ఒకరు నడిచి వచ్చి అంచులు కలపాలి. అలా పదకొండేళ్ళు నాకు ఎదురు నడిచి వచ్చిన మనిషి గురించి చెబుతున్నాను. నన్ను వదినా అని పిలిచేది. మేమిద్దరం వెళ్ళే చర్చిలో ఆమెకు స్తంభం అక్క అని పేరు పడింది.

ఆ పేరు ఊరికే పడలేదు. చర్చిలో ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు. వెనకవైపు ఎడమ స్తంభం పక్కన, చేతులు కట్టుకుని, మొదటి పాట నుంచి ఆఖరి ఆశీర్వాదం దాకా నిలబడే ఉండేది. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆమె తల్లి మంచాన పడింది. ఒక మధ్యాహ్నం ఈమె మంచం పక్కన కుర్చీలో కూర్చుని కునుకు తీసింది. కళ్ళు తెరిచేసరికి తల్లి పోయింది. గ్లాసు నేల మీద దొర్లి ఉంది. నీళ్ళు అడిగిందో, పిలిచిందో, ఎవరికి తెలుసు?

"కూర్చునే కదా వదినా ఆ పాపం చేశాను" అంది నాతో ఒకసారి. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. శుక్రవారం పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. లాండ్రీలో తొమ్మిది గంటలూ నిలబడే పనే. కాళ్ళ మీద నరాలు తాళ్ళలా ఉబ్బిపోయాయి.

ఆమె అంటే మాకు జాలీ, గౌరవమూ రెండూ ఉండేవి. చర్చిలో తల్లులు పిల్లలకు చూపించేవాళ్ళు, కదలకుండా ఎలా నిలబడిందో చూడు అని. ఆ మాట చెవిన పడితే ఆమె మెడ కొంచెం నిటారయ్యేది. నేను గమనించాను గానీ తప్పు పట్టలేదు. ఆ మాత్రం కూడా లేకపోతే మనిషి ఎలా బతుకుతుంది?

ఆమెకు ఒక చెల్లెలుంది. ఇంట్లో చిన్నది అని పిలిచేవాళ్ళు. ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే షాపులో పని. నోరు తెరిస్తే నవ్వే. చర్చి గుమ్మం తొక్కేది కాదు. అలాంటిది, పోయినేడు ఎవరో స్నేహితురాలితో వేరే పేటలో ప్రార్థనకు వెళ్ళి, ఏం విందో ఏమో, యేసును నమ్ముకున్నానంటూ తిరిగొచ్చింది. మూడు నెలల్లో బాప్తిస్మం తీసుకుంది. ఇక ప్రతి ఆదివారం మొదటి బెంచీలో కూర్చుని, కమ్మని గొంతుతో పాడుతూ, తాళం తప్పినా పట్టించుకోకుండా చప్పట్లు కొట్టేది.

అక్కకు ఒళ్ళు మండిపోయేది. సోమవారం దుప్పటి దులిపే తీరు చూస్తేనే తెలిసేది. ఆ విసురుకు నా చేతిలోంచి కొస జారిపోయేది.

"అది ఒక్క శుక్రవారమైనా పస్తు ఉందా? చెప్పు వదినా. ఒక్కపూటైనా నిలబడిందా? నిన్న మొన్న వచ్చి ఆ మొహంలో ఆ వెలుగేంటి?"

"నీ చెల్లెలే కదా, సంతోషించు."

"ఎవరో అయితే సంతోషించేదాన్నే."

ఒక ఆదివారం చిన్నది, దేవుడు తనకేం చేశాడో అందరి ముందూ సాక్ష్యం చెబుతానని ముందుకు వెళ్ళింది. ఎప్పటిలా నవ్వలేదు. తల్లి పోయిన రోజు మాట ఎత్తింది. "ఆ రోజు రెండింటి నుంచి అమ్మ దగ్గర ఉండాల్సింది నేను. అక్క రాత్రంతా మేలుకునే ఉంది. నేను స్నేహితులతో సినిమాకి పోయి ఐదింటికి వచ్చాను. అక్క నా వంతు కూడా కాసి, అలిసి నిద్రపోయింది. ఇన్నేళ్ళూ నేను నోరు విప్పలేదు. తప్పు నాది. యేసయ్య నన్ను క్షమించాడు" అంది.

చర్చిలో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. ఆడవాళ్ళు లేచి వెళ్ళి ఆమెను దగ్గరికి తీసుకున్నారు. వెనక స్తంభం వైపు ఎవరూ తిరిగి చూడలేదు. నేను చూశాను. భారం దిగిన మనిషి మొహం కాదది. ఎవరో చేతిలోది లాక్కుపోతే అలా అవుతుంది.

మర్నాడు అంది: "నా తప్పు కూడా లాగేసుకుంది వదినా. నేను పద్దెనిమిదేళ్ళు మోస్తే, అది ఒక్క పూటలో ఏడ్చేసి అప్పనంగా క్షమాపణ కొట్టేసింది."

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మామూలు రోజుల్లో గడియారాలు బాగుచేస్తారు. బల్ల మీద ఒకటి విప్పి పెట్టుకుని ఉన్నారు.

"దానికేదైనా విధించండి అయ్యగారూ. నలభై రోజుల ఉపవాసమో, మోకాళ్ళ మీద ప్రార్థనో, ఏదో ఒకటి."

ఆయన కంటికి బిగించుకున్న అద్దం తీశారు. "యేసు రాకముందు, పాపాలు పోవాలని యాజకులు బలి అర్పించే గుడారంలో దీపం ఉండేదమ్మా, బల్ల ఉండేది. కుర్చీ లేదు. ఎందుకంటావు?"

"పని తెమలదు కాబట్టి."

"అవును. ఇవాళో గొర్రె, రేపు ఇంకోటి. ఆ రక్తం పాపాన్ని గుర్తుచేసేదే గాని కడిగేది కాదు. యేసు తన్ను తానే బలిగా ఇచ్చుకున్నాడు. ఒక్కసారే. ఇచ్చి, తండ్రి కుడిపక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడమ్మా, పని పూర్తయింది గనక. నమ్మినవాళ్ళు దానికి కలపాల్సింది ఏమీ లేదు. మీ చెల్లెలికి నేనేం విధించను?"

"మరి నేను నిలబడింది?"

"నిన్ను నిలబడమని ఎవరు చెప్పారు?"

"వద్దని మాత్రం ఎవరు చెప్పారు? మీరు ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నారుగా!"

ఆయన చేతిలోని అద్దం బల్ల మీద పెట్టారు. "నిన్ను చూసి మిగతావాళ్ళకు భక్తి పెరుగుతోందనుకున్నాను. నీకు చెప్పకపోవడం నా తప్పు" అన్నారు.

దారిలో ఒక్కటే మాట అంది. "అయితే అదీ నేనూ ఒకటేనన్న మాట." ఎంత చేదుగా అందో!

మూడు ఆదివారాలు చర్చికి రాలేదు. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం చిన్నది లాండ్రీకి వచ్చి, మాసిన బట్టల బుట్టల మధ్య నిలబడింది.

"చర్చిలో అందరికీ చెప్పాను గానీ నిన్ను అడగలేదక్కా. క్షమించు."

"నిన్ను చూస్తే నాకు కుళ్ళే. తెలుసా?" అంది అక్క. రోలర్ల మోతలో గొంతు పెంచి అరిచింది. "నీకు నవ్వెలా వస్తుందే? ఆ రోజు తప్పైనా నా ఒక్కదానిదే అనుకున్నాను. దాంట్లోకీ వచ్చేశావు!"

"నాకు మాత్రం కుళ్ళు లేదా? అందరూ నిన్నే మంచిదనేవాళ్ళు. నువ్వక్కడ నిలబడితే నన్ను వేలెత్తి చూపిస్తున్నట్టుండేది. అందుకే ఇన్నేళ్ళు చర్చికి రాలేకపోయాను."

అక్క మొహం పాలిపోయింది. తను నిలబడటం ఒకరిని గుమ్మం బయటే ఆపేసిందని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. "టీ తాగావా?" అంది చివరికి. చిన్నది బావురుమంది.

ఆ ఆదివారం అక్క వచ్చింది. మొదటి పాటకు స్తంభం దగ్గరే నిలబడింది. బైబిలు వాక్యం చదువుతుండగా వచ్చి ఆఖరి బెంచీ కొసన, ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. "అమ్మా, స్తంభం అక్క కూర్చుంది!" అని ఒక చిన్నపిల్ల గట్టిగా అరిచింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆమె సిగ్గుతో కందిపోయింది. లేవలేదు మాత్రం.

కుళ్ళు ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధమే. చిన్నదానికి పిల్లల తరగతి అప్పగించినప్పుడు వారమంతా మొహం మాడ్చుకుంది. కాకపోతే కాళ్ళకు వైద్యం మొదలుపెట్టింది. శుక్రవారాలు నాతోపాటు అన్నం తింటోంది, మొదట్లో అటూ ఇటూ చూసుకుంటూ తినేది.

మొన్న చర్చి అయ్యాక, కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంటే అడిగాను, ఏం ప్రార్థించావని.

"చిన్నదానికి అంత మంచి గొంతు ఎందుకిచ్చావని అడిగా. నా కడుపుమంట చల్లారటం లేదని కూడా చెప్పా."

"ఏమన్నాడు?"

"పొమ్మనలేదు వదినా" అంది. చిన్నది బయట నుంచి పిలుస్తోంది. "వస్తున్నానే, ఆ కేకలేంటి!" అంటూ కాళ్ళు నొక్కుకుని లేచింది.