తలుపు లేని ఇంటి ఫోటో

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మా నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. నాన్నను మేం అబ్బా అంటాం. మా సొంతూరు ఉదయగిరి. అక్కడ మా బంధువుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందు కూర్చుని ఫోటో దిగేవారు కాదు. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం ఫోటో కావాలి. అందుకని అబ్బా కూతురినైన నాకు కెమెరా పట్టుకోవడం నేర్పించి ఉదయగిరి బస్సు ఎక్కించేవాడు. పని అయ్యాక కెమెరా మళ్ళీ ఆయన బీరువాలోకి వెళ్ళిపోవాలి. నేను దాన్ని వదల్లేదు. పదో తరగతి తప్పిన దాన్ని, అది వదిలితే ఇక వంటిల్లే గతి అని నాకు బాగా తెలుసు.

అబ్బా లెక్కలో ఫోటో అంటే తెర ముందు మనిషి. మా తెర మీద పాలరాతి మెట్లు, కొలను, కొలనులో హంసలు. మర్రిపాడు వైపు నుంచి గొర్రెలు అమ్ముకోవడానికి వచ్చినవాడైనా, సీతారామపురం నుంచి పెళ్ళిబట్టలతో దిగిన కొత్తజంటైనా ఆ మెట్ల ముందు బిగుసుకుపోయి నిలబడాల్సిందే. ఆ ఫోటోలు చూసి ఎవరు ఎక్కడివాళ్ళో, ఏం చేసుకుని బతుకుతారో చెప్పలేం. ఈ మాట అంటే, కథలు చెప్పడానికి దేవుడు నోరిచ్చాడు కదా, మళ్ళీ ఫోటో ఎందుకని కొట్టిపారేసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అవి సోమశిల డ్యాము పనులు సాగుతున్న రోజులు. ముంపు ఊళ్ళవాళ్ళు కొత్త కాలనీలకు తరలిపోతున్నారు. ఒక మధ్యాహ్నం ఆ ఊళ్ళలో ఒకదాని నుంచి ఒక అవ్వ స్టూడియోకి వచ్చింది. ఫోటో తనకు కాదట, తన ఇంటికట. మొగుడూ తనూ మట్టి తొక్కి, గోడ పెట్టి లేపుకున్న మిద్దె అది. మొగుడు పోయాడు, ఇప్పుడు ఇల్లూ పోతోంది. నీళ్ళొచ్చేలోగా దాని ముఖం ఒకటి దగ్గర పెట్టుకోవాలని ఆమె ఆశ. అబ్బా నవ్వి, ఇంటిని తీసుకొస్తే తెర ముందు నిలబెడతానన్నాడు. అవ్వ నవ్వలేదు. నేను లోపలి నుంచి వచ్చి, ఆదివారం నేనే వస్తానని ఆమెకు మాటిచ్చేశాను. గిరాకీ ముందు కూతుర్ని కాదనలేక అబ్బా మింగలేక కక్కలేక ఊరుకున్నాడు.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఊరు సగం ఖాళీ అయింది. దూలాలు, కిటికీలు పెరికి బండ్లకెత్తుతున్నారు. అవ్వ ఇంటి దగ్గర మాత్రం పెళ్ళివారి హడావుడి. వాకిలి అలికి ముగ్గేశారు. అవ్వ తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకుంది. ఆమె కొడుకు ఊళ్ళో నలుగురూ మాట వినే రైతు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళ వెనక, అరుగు నుంచి మిద్దె అంచు దాకా, కొత్త దుప్పట్లు కలిపి కుట్టి కట్టారు. ఇంటి గోడ బెత్తెడైనా కనబడటం లేదు. ఫోటో అంటే వెనక తెర ఉండాలని వాళ్ళకు నేర్పింది మా స్టూడియోలే. ఇంటి ఫోటో కోసం ఇంటినే కప్పిపెట్టారు.

దుప్పట్లు విప్పమన్నాను. కొడుకు కుదరదన్నాడు. గుమ్మానికి తలుపు లేదని, నిన్ననే ఊడదీసి కాలనీకి పంపామని, తలుపు లేని ఇల్లు నలుగురూ చూస్తే పరువేం మిగులుతుందని అడిగాడు. కానిచ్చేస్తే నాకు బస్సు కూడా దొరుకుతుందని గుర్తుచేశాడు. నేను మీట నొక్కలేదు. ఆ బస్సు పోతే సాయంత్రం దాకా మరొకటి లేదు, పోతే పోనీ అనుకున్నాను. అంత దూరం వెళ్ళింది దుప్పట్లకు ఫోటో తీయడానికి కాదు.

మాది పైనుంచి తొంగిచూసే పెట్టె కెమెరా. మూత తెరిస్తే లోపలి గాజు పలక మీద ఎదుట ఉన్నదంతా కనిపిస్తుంది. కొడుకుతో వాదన మాని అవ్వను పిలిచాను. ఆమె కూర్చున్న చోటు నుంచి లేచి వచ్చింది. కెమెరా ఆమె ముందు పట్టుకుని, చూడమన్నాను. ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని వంగి, చాలాసేపు చూసింది.

"ఇల్లేది బిడ్డా? గుడ్డలే ఉండాయే."

"నేను చెప్తా ఉండేది అదే అవ్వా."

ఆమె కొడుకు వైపు తిరిగి దుప్పట్లు దించమంది. అతను మళ్ళీ తలుపు మాట ఎత్తాడు.

"తలుపు మనమే పెరికినాం. ఇల్లేం తప్పు చేసిందిరా?" అంది అవ్వ.

దుప్పట్లు దిగాయి. దుప్పటి మడతపెడుతున్న కొడుకును తీశాను. పొగచూరిన వంటింటి గోడను తీశాను. చివరికి అవ్వ, నేనేమీ చెప్పకుండానే, గుమ్మంలోకి వెళ్ళి తలుపు ఊడిన చోట చెయ్యి ఆనించి నిలబడింది. అదీ తీశాను. ఆ సాయంత్రం ఇంటికి చేరాక అబ్బా పెట్టిన చీవాట్లు నాకు చెవికెక్కలేదు.

అయితే అది అక్కడితో తేలలేదు. కొడుకు స్టూడియోకి వచ్చి, ఫోటోలో తలుపు గీసిపెట్టమని అబ్బాను బతిమాలాడు. అబ్బా కుంచె పనిలో మొనగాడు. మూసిన కళ్ళు తెరిపించగలడు, ఊడిన పన్ను మొలిపించగలడు. అవ్వ వెనక పూలు చెక్కిన జత తలుపులు గీసేశాడు, ఎక్కడా అతుకు తెలియలేదు. నేను మాత్రం గీత పడని ఫోటో ఇంకొకటి కడిగాను. గిరాకీ అడిగిందే ఇవ్వాలని అబ్బా గదమాయించాడు.

"అడిగింది అవ్వ. కొడుకు కాదు," అన్నాను.

రెండూ తీసుకుని కాలనీకి నేనే వెళ్ళాను. కొత్త గదికి పాత తలుపే బిగించారు. పసుపు మరకలు, గొళ్ళెం దగ్గర అరుగుదల, అన్నీ అలాగే ఉన్నాయి. కొడుక్కు తలుపు గీసిన ఫోటో చూడగానే ముఖం విప్పారింది. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈడుండే తలుపు ఆడెట్టుంటాది?" అని అతని చేతికే ఇచ్చేసింది.

రెండోది అందుకుంది. వట్టి గుమ్మం, ఆనించిన తన చెయ్యి. లేచి, తలుపు సగం మూసి, దాని లోపలి వైపు ఆ ఫోటోను ఆనించి పట్టుకుంది. మేకులు తెమ్మంది. కొడుకు తెచ్చి తనే కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఇంగ ఇంటికి తలుపుండాది," అంది అవ్వ, తలుపు మీద చెయ్యి వేసి నిలబడి.

నేను కళ్ళు తుడుచుకుని కెమెరా మూత తెరిచాను. ఈసారి ఎవరూ దుప్పటి కోసం లేవలేదు.