ఆపా ఓడిపోయిన రోజు

నా చిన్నప్పుడు బూర్గంపాడులో మేము ఆడిన యుద్ధంలో ఒక నియమం ఉండేది. ఎవరు గెలిస్తే వాళ్లే కూలిన ఇళ్లను తిరిగి కట్టాలి. ఈమధ్య ఆ నియమం నా పేరుతో కొందరు కుర్రవాళ్ల నోట తిరిగింది. అది నాది కాదు. ఎవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

భద్రాచలంలో నాకు మందుల దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు దుకాణం మీది గదిలో కాలేజీ కుర్రవాళ్లు చేరి బల్ల మీద యుద్ధాలు ఆడతారు. వేలెడంత సైనికులు, పాచికలు, దూరం కొలవడానికి ఒక టేపు. బొమ్మలు వాళ్లు తెచ్చుకుంటారు, యుద్ధభూమి నేను తయారుచేసి పెడతాను. ఇంజెక్షన్లు వచ్చే థర్మకోల్ డబ్బాలను కోస్తే కొండలు. మందుల అట్టపెట్టెలు ఇళ్లు, ఖాళీ మాత్రల రేకులు వాటి పైకప్పులు. వాడేసిన చాయ్‌పత్తి ఎండబెట్టి జిగురు మీద చల్లితే అచ్చం మా వైపు నేలలాగే ఉంటుంది. చెత్తబుట్టలో వేయాల్సింది ఏదైనా సరే, నా చేతికి వస్తే ఒకసారి అటూ ఇటూ తిప్పి చూస్తాను.

ఆ చూపు నాకు మా పక్కింటి ఆపా నుంచి వచ్చింది. వాళ్ల నాన్నకు బజారులో గాజుల దుకాణం. మా రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. ఆపా తమ్ముడూ నేనూ ఒకే తరగతి, ఎప్పుడూ కలిసే తిరిగేవాళ్లం. ఆపా మాకంటే చాలా పెద్దది. చదువు మానేసి ఇంటి పనీ, దుకాణానికి గాజులు సైజుల వారీగా ఏరి కట్టే పనీ చూసుకునేది. బయటికి వెళ్లడం తక్కువ. వెళ్లినా వాళ్ల అమ్మతోనో మా అమ్మతోనో. ఆపా అంటే అక్క. వీధి పిల్లలందరికీ ఆమె ఆపానే.

ఒక వేసవి చివర మా దోస్తు, అదే ఆపా తమ్ముడు, గోడౌను గోడ మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. పెద్ద దవాఖానాలో పిండికట్టు వేసి, కదలకుండా పడుకోవాలని చెప్పారు. వాడు పడుకునే రకం కాదు. ఎవరూ లేనప్పుడు గోడ పట్టుకొని లేచి నడవబోయి పడిపోయాడు. కట్టు విప్పి, ఎముక సరిచేసి, మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే ఎముక వంకరగానే అతుక్కుంటుందనీ, జీవితమంతా కుంటుతూ నడవాల్సిందేననీ డాక్టరు చెప్పి పంపాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో అందరిదీ ఒకటే భయం. వాడు మంచం దిగకూడదు.

తిట్టినా వినలేదు, బతిమాలినా వినలేదు. అప్పుడు ఆపా పెరట్లో పడి ఉన్న పాత తలుపు చెక్కను కడిగి, వాడి మంచానికి ఆనించి రెండు ట్రంకు పెట్టెల మీద పరిచింది. దాని మీద ఒక ఊరు కట్టింది. గాజులు ఎక్కించి వచ్చే అట్ట గొట్టాలు కోట బురుజులయ్యాయి. అగ్గిపెట్టెలూ సిగరెట్ పెట్టెలూ ఇళ్లయ్యాయి. పాత పేపర్లు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, బోర్లించిన గిన్నెల మీద మెత్తి ఆరబెడితే కొండలు. కొబ్బరిపీచును పచ్చ రంగులో ముంచి ఆ కొండల మీద గుచ్చితే అడవి. మైదా ఉడికించి జిగురు చేసేటప్పుడు కాస్త మైలుతుత్తం కలపాలనీ, లేకపోతే బొద్దింకలు ఊరిని తినేస్తాయనీ నేను అక్కడే నేర్చుకున్నాను.

సైనికులు పగిలిన గాజుల ముక్కలు, రెండు కొసల మీద నిలబెట్టినవి. ఎర్రవి వాడివి, పచ్చవి నావి. వంతు వచ్చినప్పుడు ముక్కలను అగ్గిపుల్ల పొడవంత దూరం జరపాలి, తర్వాత గోలీని వేలితో కొట్టాలి. గోలీ తగిలి ఏది పడితే అది పోయినట్టే. అవతలివాడి కోట పట్టుకున్నవాడు గెలిచినట్టు. మొదట్లో వాడికి ఆట మీద మనసు లేదు, నేనే గెలిచాను. ఎగిరి గంతేస్తుంటే ఆపా జిగురు గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గెలిచినవ్ గదా. ఇగ కట్టు."

"గెలిచినోనికి శిక్షేంది ఆపా? ఓడినోడు కట్టాలె గాని."

"ఓడినోడు ఇప్పటికే సగం సచ్చిండు. చేతుల బలమున్నది నీకే. నువ్వే కట్టాలె."

నాకది పెద్ద అన్యాయంగా తోచింది. తక్కువ కూలిస్తే తక్కువ పని అని, గోలీని ఇళ్లకు తగలకుండా కొట్టడం సాధన చేశాను. మా దోస్తు ఇంకో దారి పట్టాడు. వాడు మొదటిసారి గెలిచినప్పుడు జిగురు గిన్నె వాడి ఒళ్లోకి పోయింది. మర్నాడు నేను వెళ్లేసరికి ఇంకా కడుతూనే ఉన్నాడు. అంతకుముందు లేని కిటికీలు పెడుతున్నాడు, సబ్బు కవరు కత్తిరించి గుమ్మానికి పరదా వేలాడదీస్తున్నాడు. ఆ తర్వాత వాడు కట్టడం కోసమే గెలిచేవాడు, కట్టడం కోసమే ఊరంతా కూల్చేవాడు. వాడి చేతులకు పని దొరికితే కాళ్లు కుదురుగా ఉంటాయని ఆపా ఆలోచన. ఆ వయసులో నాకది తట్టలేదు.

అలా వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం వీధిలో పరుగులు మొదలయ్యాయి. గోదావరి పొంగి ఊరి చివర రోడ్డు దాకా వచ్చిందన్నారు. మా వైపు నది పొంగడం కొత్త కాదు, అయినా పొంగిన ప్రతిసారీ జనం కొత్తగా చూడటానికి పోతారు. బడి వదిలేశారు. నేను పుస్తకాలు ఇంట్లో పడేసి, మా దోస్తుకు చెప్పాలని పక్కింట్లోకి పరిగెత్తాను.

ఆపా బురఖా వేసుకొని తయారుగా ఉంది. మా అమ్మ తనను నీళ్లు చూపించడానికి తీసుకెళ్తానందట. వాళ్ల అమ్మానాన్న దుకాణంలో కింద ఉన్న గాజుల డబ్బాలు పై అరల్లోకి ఎక్కిస్తున్నారు. వాళ్ల అమ్మ వచ్చి తమ్ముడి దగ్గర కూర్చుంటే వెళ్దామని ఆపా వాకిట్లోకి చూస్తోంది. నేను లోపలికి వస్తూనే రోడ్డు మునిగిందని చెప్పేశాను. వాడు లేచి కూర్చున్నాడు.

"నేను గూడ వస్త. ఆపా, నన్ను ఎత్తుకో. ఎత్తుకోకుంటే నేనే నడుస్త."

కట్టు ఉన్న కాలు అప్పటికే మంచం అంచు దాటి వేలాడుతోంది. బయట నుంచి మా అమ్మ పిలిచింది. "పిల్లా, జల్దీ రా. చీకటైతే ఏం కనవడది."

ఆపా వాడి కాలు చూసింది. గుమ్మంలో ఒక అడుగు బయట, ఒక అడుగు లోపల పెట్టి ఉన్న నన్ను చూసింది. బురఖా తీసి కొక్కానికి తగిలించింది. "మీరు పోండ్రి పెద్దమ్మా, నేను ఎన్క వస్త" అని బయటికి వినపడేలా చెప్పి, వచ్చి తలుపు చెక్క ముందు కూర్చుంది. అప్పటిదాకా ఆమె మాతో ఒక్కసారి కూడా ఆడలేదు.

"మీరిద్దరు ఒక దిక్కు, నేనొక్కదాన్ని ఒక దిక్కు. నన్ను ఓడగొట్టి నీళ్ల సంగతి మాట్లాడుండ్రి. ఓడిపోతే మాత్రం ఇద్దరికి గాజులు తొడిగి బజార్ల తిప్పుత."

"మాకు ఏ సైజు తొడుగుతవ్?" అన్నాడు మా దోస్తు. అంటూనే కాలు పైకి లాక్కున్నాడు.

"నీ నోరంత సైజు మన దుకాణంల లేదు గాని, ముక్క జరుపు."

చాలాసేపు పట్టలేదు. గోలీ ఎటు పోయినా ఏదో ఒక ఇల్లు కూలింది. ఇంటి వెనక దాచిన ఆమె సైనికులూ దాంతోనే పోయారు. కోట మాదయ్యేసరికి చెక్క మీద నిలబడి ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఇద్దరం గొంతు చించుకొని అరిచాం. నేను అప్పటికే లేచి నిలబడ్డాను. ఆపా జిగురు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది.

"గెలిచిండ్రు. కట్టుండ్రి ఇగ."

"నీళ్లు సూసొచ్చి కడతం ఆపా" అన్నాను.

"కట్టకుండ లేస్తే గెలిచినట్టు కాదు. ఇద్దరు మొగపిలగాండ్లను ఒక్కదాన్నే ఓడగొట్టిన అని ఊరంత చెప్పుకుంట."

మా దోస్తు నా చొక్కా పట్టి లాగాడు. "కూసోరా. గెలిచినం గదా."

కూర్చున్నాను. నేను పెట్టెలు కత్తిరిస్తుంటే వాడు అతికించాడు. పాత ఊరిలాగే ఉంటే ఏం బాగుంటుందని వాడు వీధులు మార్చాడు, బజారు కట్టాడు, అందులో గోరంత గాజుల దుకాణం పెట్టాడు. బయట జనం పోతూ వస్తూ మాట్లాడుకుంటున్నది వినిపిస్తూనే ఉంది. కొంతసేపటికి అది మా చెవికి ఎక్కలేదు. వాడి కాలు దిండు మీద కదలకుండా ఉంది.

పొద్దు గూకాక వాళ్ల అమ్మ దుకాణం నుంచి వచ్చింది. ఆ వెనకే మా అమ్మ, చీర అంచులు తడిసి వచ్చింది. ఆపా గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఎందాక వచ్చినయ్ పెద్దమ్మా?"

మా అమ్మ చెప్పింది. ఆపా ఇంకా అడిగింది. రంగెట్లున్నది, చప్పుడొస్తదా, అవతలి ఒడ్డు కనవడతదా అని. మా అమ్మకు కాళ్లు నొప్పులు. "నీళ్లే గదా పిల్లా, రేపు సూద్దువులే" అని ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆపా ఇంకా కాసేపు అక్కడే నిలబడింది. తెల్లారేసరికి నీళ్లు తీశాయి. ఆ ఏడు గోదావరి మళ్లీ అంత రాలేదు. వానలు పోయాక పిండికట్టు విప్పారు. వాడి కాలు తిన్నగా వచ్చింది. మరుసటి ఏడు ఆపాకు నేలకొండపల్లి వైపు పెళ్లి చేశారు. గోదావరి అక్కడికి చాలా దూరం. తర్వాత వాళ్ల నాన్న దుకాణాన్ని కొత్తగూడెం మార్చుకున్నాడు. మా పక్కిల్లు వేరేవాళ్లకు కిరాయికి పోయింది.

ఆ రోజు మేము నిజంగానే ఆమెను ఓడించామని ఎన్నో ఏళ్లు అనుకున్నాను. నేను బల్లల మీద ఊళ్లు కట్టడం మొదలుపెట్టాక ఒక ఆదివారం ఆ చెక్క కళ్ల ముందుకు వచ్చింది. సైన్యాన్ని దాచాలనుకున్నవాళ్లు కొండల వెనక పెడతారు. ఆపా తన ముక్కలన్నిటినీ గాలికి పడిపోయే సిగరెట్ పెట్టెల వెనక పెట్టింది. ఊరంతా కూలాలని, మేము సాయంత్రం దాకా లేవకూడదని.

ఇంత తెలిసీ నేను ఒక తప్పు మాట అన్నాను. మొన్న కుర్రవాళ్లు మా ఆట వీడియో తీస్తూ, గెలిచినవాళ్లే కట్టాలని నేను వాళ్లకు నేర్పిన రూలు ఎవరు పెట్టారని అడిగారు. "చిన్నప్పుడు మేమే పెట్టుకున్నాం" అన్నాను. అంత కథ ఎక్కడ చెబుతాం అనిపించింది, అంతే. ఆ వీడియో ఎలాగో కొత్తగూడెంలో ఉన్న మా దోస్తు ఫోన్‌కు చేరింది. వాడు నాకు మాట రికార్డు చేసి పంపాడు. "నిన్ను ఆపాకు చూపించినరా. మొత్తం చూసింది. ఇండ్లు మంచిగ కట్టిండు అన్నది." ఇంకేమైనా అందేమోనని ఎదురుచూశాను. అంతే అన్నదట. నంబరు తీసుకున్నాను గాని ఏమని మొదలుపెట్టాలో తెలియక ఇంకా ఫోన్ చేయలేదు. కుర్రవాళ్లకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఇప్పుడు వాళ్లు దాన్ని ఆపా రూలు అంటున్నారు.

ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఆ నియమం ఒక్కటే కాదు. మా అమ్మ ఇప్పుడు మంచం మీదే ఉంటుంది, ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. గోదావరి పెరిగిందని తెలిస్తే మా ఇంట్లోవాళ్లను పంపించి నేను ఆమె దగ్గర కూర్చుంటాను. వాళ్లు తిరిగి వచ్చాక అన్నీ అడుగుతాను. ఎందాక వచ్చాయి, రంగెలా ఉంది, చప్పుడెలా ఉంది. పాపం ఓపికగానే చెబుతారు. ఎంత బాగా చెప్పినా నాకు నది కనిపించదు.