ఖాజా సాబ్ అడిగిన దేశం పేరు

లామినేషన్ మిషన్ వేడెక్కగానే కాలీకాలని ప్లాస్టిక్ వాసన వస్తుంది. వనపర్తిలో ఈ దుకాణం తెరిచిన ప్రతి పొద్దూ ఆ వాసనతో పాటే ఖాజా సాబ్ గుర్తొస్తాడు. దుకాణం ఆయనదే. బడిలో ఉర్దూ చెప్పి రిటైరయ్యాక ఇక్కడ కూర్చుని, గల్ఫ్‌కు పోయేవాళ్ల ఫారాలు నింపేవాడు. ఆయన చనిపోయి రెండేళ్లయింది. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

మొదటిసారి ఆయన దగ్గరికి పోయింది అర్జీ రాయించుకోవడానికి. మా ఆయన నర్సింహులు నుంచి నాలుగు నెలలుగా ఫోను లేదు. మాది పెద్దమందడి. మా దిక్కు ఎవరు ఏ దేశం పోయినా 'దుబాయి పోయిండు' అనే అంటాం. మస్కట్ పోయినా దుబాయే, సౌదీ పోయినా దుబాయే. ఏజెంటూ అదే అన్నాడు, మా ఆయనా అదే అన్నాడు. ఫోన్లో కూడా 'ఈడ ఎండ బాగుంది' అనేవాడే తప్ప ఆ 'ఈడ' ఏదో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటర్ దాకా చదివినదాన్ని, వీసా కాగితం ఒక్కసారి తీసి చూడాలని తోచలేదు. నా చదువు మీద మన్నుబడ! అప్పటికే వేరేచోట రెండు అర్జీలు టైపు చేయించి మన ఎంబసీకి పంపాను. రెండింట్లోనూ దుబాయి అనే ఉంది. జవాబు రాలేదు.

సాబ్ టైపు మొదలుపెట్టకుండా ఏ దేశమని అడిగాడు. దుబాయి అన్నాను. మళ్లీ అడిగాడు. నాకు ఒళ్లు మండింది. చెప్తున్న గద సార్ అని విసుక్కున్నాను. ఆయన కోప్పడలేదు. నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. అందులో మా ఆయన నంబరుకు నేను పెట్టుకున్న పేరు కూడా దుబాయే. సాబ్ నంబరు మొదట్లో ఉన్న మూడు అంకెల మీద వేలు పెట్టాడు.

"ఇది దుబాయి నంబరు కాదు బిడ్డా, కువైట్‌ది. ఇంటికి పోయి కాగితం పట్కరా."

బస్సెక్కి పోయి ట్రంకు పెట్టె అంతా గుమ్మరించాను. బట్టల అడుగున వీసా జిరాక్స్ దొరికింది. కువైట్ అనే ఉంది. తిరిగొచ్చేసరికి ఆయన అన్నం తినకుండా నా కోసం చూస్తున్నాడు. టైపు చేస్తూ, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"మన దేశం గడప దాటుడు ఎమిగ్రేషన్. ఆ దేశం గడప తొక్కుడు ఇమిగ్రేషన్. రెండు గడపల కాడా మనిషి పేరు రాసుకుంటరు. ఏ గడప తొక్కిండో మనకు తెలిస్తేనే ఎతుకుతం."

పదిహేను రోజుల్లో కువైట్‌లోని మన ఎంబసీ నుంచి జవాబు వచ్చింది. మా ఆయన మూడు నెలలకు పైగా అక్కడి దవాఖానలో ఉన్నాడట. మా అర్జీ చేరడానికి వారం ముందే చనిపోయాడట. మొదటి అర్జీలోనే కువైట్ అని ఉంటే బతికేవాడని నేననను. కానీ మీ ఇంటివాళ్లు అడుగుతున్నారని ఎవరో ఒకరు ఆయన చెవిన వేసేవారు. అదీ దక్కలేదు ఆయనకు. ఎవరూ లేనివాడిలా పోయాడన్న బాధ నన్ను ఇప్పటికీ విడవలేదు.

దినాలయ్యాక కాగితాల జిరాక్స్‌కు సాబ్ దగ్గరికే పోయాను. తప్పంతా నాదేనని అక్కడే ఏడ్చాను. ఆయన, తన తమ్ముడు ఖతర్‌లో ఉన్నా తమ ఇంట్లోనూ దుబాయి అనే అంటామని చెప్పి, కీబోర్డు నా వైపు జరిపాడు.

"రేపటి సంది రా. వచ్చినోళ్లను నువ్వే అడుగు."

ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. ఫోన్లో ఆ నంబరు పేరు కువైట్ అని మార్చుకున్నాను. మోగదని తెలిసీ, అన్నం తినేటప్పుడు ఫోన్‌ను కంచం పక్కనే పెట్టుకుంటాను.

ఈ పొద్దు వీపనగండ్ల నుంచి ఒక పడుచు పిల్ల వచ్చింది. మొగుడు పోతున్నాడట, ఫారం నింపమంది. ఏ దేశమని అడిగాను. దుబాయి అంది. మళ్లీ అడిగాను. ముఖం చిట్లించి, చెప్తున్న గద అక్కా అంది. ఒళ్లు మండినట్టుంది. మండనీ అనుకుని, మూడోసారి అడిగాను.