టీ తాగొచ్చిన వాచ్‌మన్

ఉప్పల్‌లోని మా చిన్న ఆఫీసులో, ఫోన్‌లో గేముల్లా ఆడే కథలను విడుదలకు ముందు పరీక్షించేది ఒకామె. మా అందరికీ అక్క. నచ్చని చోట ఫోన్‌ను బల్లమీద బోర్లించి "నేను నమ్మ" అనేది.

నేను రాసిన కథలో ఫ్యాక్టరీ తగలబడుతుంది. ఏం జరిగిందో వాచ్‌మన్ చెబుతాడు, తప్పెవరిదో ఆడేవాళ్లు తేల్చాలి. పొద్దున్నుంచీ గేటుకు తాళమే ఉందని, తానూ గేటు లోపలే ఉన్నానని, తాళంచెవి ఓనర్ దగ్గర ఉండటంతో లోపలివాళ్లను కాపాడలేకపోయానని అతను ఏడుస్తాడు.

అక్క ఫోన్ బోర్లించింది. "మరి మూడో సీన్ల రోడ్డు దాటి టీ తాగొచ్చిండు. ఎట్ల పోయిండు?"

అది నా పొరపాటు. "ఆ టీ తీసేస్తాలే అక్కా. అతను మంచోడు."

"తీస్తే నేను పాస్ చెయ్య."

విడుదల ఆగితే ఆమె కాంట్రాక్టు పోతుందని టీమ్ లీడ్ బెదిరించాడు. "పోనియ్ సార్. ఆడేటోళ్లకు గాయన అబద్ధం దొరకాలె."

నాకు ఒళ్లు మండింది. "రాసిన నాకు తెలియదా అక్కా?"

"నాచారంల ఫ్యాక్టరీల నేను ప్యాకింగ్ జేసేటప్పుడు షిఫ్టు అయ్యేదాంక గేటుకు తాళమేసేటోళ్లు. చెవి వాచ్‌మన్ జేబులనే ఉండేది. రాసింది నువ్వే తమ్మీ. గేటు లోపలున్నది నేను."

కంపెనీ ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. టీ మాత్రం నేను తియ్యలేదు. వాచ్‌మన్ పాపం అమాయకుడంటూ ఎవరైనా రాస్తే, ఇప్పుడు ఫోన్ బోర్లించేది నేనే.