అత్తమ్మ హాకీ చూసిన ఆదివారం

మా అత్తమ్మ ఒకప్పుడు హాకీ ఆడేదన్న సంగతి నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. తెలిసింది కూడా ఒక ఉల్లిగడ్డ వల్ల. తూంకుంటలో మా ఇంటి వరండాలో కూర్చుని కూరగాయల సంచి విప్పుతుంటే ఉల్లిగడ్డ ఒకటి జారి మెట్ల వైపు దొర్లింది. అత్తమ్మ అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. మాట ఆపకుండానే కుడి పాదం అడ్డం తిప్పి దాన్ని ఆపింది, మెల్లగా నా వైపు నెట్టింది. అరవై దాటిన మనిషి. ఫోన్ పెట్టేశాక అడిగాను.

"హాస్టల్‌ల ఉన్నప్పుడు హాకీ ఆడేటోళ్లం. నేను గోల్‌కీపర్‌ని," అని చెప్పి టమాటాలు ఏరుకోవడంలో పడిపోయింది.

ఆమె అప్పటికి కొన్ని నెలల కిందటే రిటైరయింది. మేడ్చల్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసేది. ఇన్నేళ్లూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బయటపడ్డ మనిషికి ఒక్కసారిగా పగలంతా ఖాళీ అయిపోయింది. గ్యాస్ పొయ్యి తుడిచిందే తుడిచేది. బీరువాలో చీరలు తీసి మళ్లీ మడతపెట్టేది. ఆదివారం చర్చి, బుధవారం సాయంత్రం ప్రార్థన కూడిక, ఆ రెండూ తప్ప ఆమెకు ఎదురుచూసేందుకు ఏమీ లేదని నాకు అనిపించేది. ఆమె పైకి అనేది కాదు. అడిగితే, "నాకేమైంది, మంచిగనే ఉన్న," అనేది.

నేను పనిచేసేది శామీర్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో. అక్కడి ఆటల సారు ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో సికింద్రాబాద్‌లో ఆడవాళ్ల హాకీ పోటీలు జరుగుతున్నాయని, చివరి మ్యాచ్ శనివారం సాయంత్రమని, ఎవరైనా వెళ్లి చూడొచ్చని చెప్పాడు. మిగతావాళ్లు విని ఊరుకున్నారు. నాకు మాత్రం ఉల్లిగడ్డ గుర్తొచ్చింది.

మా ఆయనకు ఆ శని, ఆదివారాలు ఫ్యాక్టరీలో డ్యూటీ. కాబట్టి మేమిద్దరమే వెళ్లాలనుకున్నాం. శనివారం మ్యాచ్ చూసి, స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగి, ఆదివారం సికింద్రాబాద్‌లోనే పెద్ద చర్చిలో ఆరాధనకు వెళ్లి, జనరల్ బజార్‌లో జాకెట్ ముక్కలు కొనుక్కుని సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇరవై కిలోమీటర్ల దూరానికి లాడ్జి ఎందుకని ఆమె అడుగుతుందనుకున్నాను. అడగలేదు. శుక్రవారం పొద్దున్నే బ్యాగు సర్దేసింది. అందులో దువ్వెన, బైబిలు, రెండు చీరలు, ఒక దుప్పటి. లాడ్జి దుప్పట్ల మీద నర్సుకు నమ్మకం ఉండదట.

శనివారం బస్సు అల్వాల్ దాటేసరికే మబ్బు పట్టింది. మైదానం చేరి మెట్ల మీద కూర్చున్నాక అత్తమ్మ ప్లాస్టిక్ గడ్డి పరిచిన ఆ నీలం రంగు నేలను చూస్తూ ఉండిపోయింది. ఆట మొదలయ్యే ముందు దాని మీద నీళ్లు చల్లుతుంటే, ఎందుకని నన్నడిగింది. నాకూ తెలియదు. హాస్టల్ రోజుల్లో అత్తమ్మ వాళ్లు ఆడింది ఎర్రమట్టి మీదట. ఆడేముందు ఆడపిల్లలంతా వరసగా నిలబడి రాళ్లు ఏరేవాళ్లట.

జట్లు ఇంకా మైదానంలోకి రాకముందే ఉరుములు మొదలయ్యాయి. వాన కురిసినా ఆడతారేమో గానీ, మెరుపులు పడుతుంటే ఆడనివ్వరని పక్కాయన చెప్పాడు. గంటసేపు రేకుల కింద నిలబడ్డాం. చివరికి మైకులో చెప్పారు, ఆట రేపు పొద్దున తొమ్మిదిన్నరకని.

తొమ్మిదిన్నరంటే సరిగ్గా ఆరాధన వేళ. నాకు ఉసూరుమనిపించింది. ఆరాధన తప్పించడం మా అత్తమ్మ వల్ల కాదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఆదివారాలు కూడా స్నానం చేసి నేరుగా చర్చికే వెళ్లేది. జ్వరం వస్తే మాత్ర వేసుకుని వెళ్లేది. అందుకే లాడ్జికి నడుస్తూ దారిలో నేనే అన్నాను, మ్యాచ్ సంగతి వదిలేద్దాం, పొద్దున చర్చికే పోదామని. గదిలోకి వెళ్లాక ఆమె తన దుప్పటి పరిచి, తడిసిన చీర కొంగు ఫ్యాను కింద పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"ఆదివారం మల్ల వస్తది బిడ్డా," అంది చివరికి. "గా పిల్లలు రేపు ఎవరి ఊరికి వాళ్లు పోతరు."

పొద్దున్నే లేచి మంచం మీదే కూర్చుని ఆరాధనలో పాడే పాటలన్నీ తనకు తానే మెల్లగా పాడుకుంది. ప్రార్థన చేసుకుంది. తర్వాత ఇడ్లీ తిని మైదానానికి నడిచాం.

ఆట మొదలయ్యాక నా పక్కన కూర్చున్నది వేరే మనిషి. వెన్ను నిటారుగా పెట్టి, మోకాళ్ల మీద చేతులు బిగించి, ఒక్క వైపే చూస్తోంది. బంతి ఎక్కడుందో నేను వెతుక్కుంటుంటే ఆమె మా వైపున్న గోల్‌కీపర్‌ని తప్ప ఎవరినీ చూడటం లేదు. ఆ అమ్మాయి పక్కకు అడుగేస్తే ఈమె భుజం కదులుతోంది. పావుగంటకు విజిల్ వేసి ఆపితే, అయిపోయిందా అని నివ్వెరపోయింది. ఇప్పుడు ఆటను నాలుగు ముక్కలుగా ఆడతారని పక్కవాళ్లను అడిగి తెలుసుకుని చెప్పాను.

ఇంకో సంగతి ఆమెను మరీ పరేషాన్ చేసింది. ఎదుటి జట్టు అమ్మాయి ఒకతి ఊరికే గోల్ దగ్గరికొచ్చి నిలబడినప్పుడల్లా, "ఆఫ్‌సైడ్," అని గొణిగేది; బంతి కంటే ముందే వచ్చి అలా కాచుకుంటే తప్పట. అంపైర్ విజిల్ వేసేది కాదు. మూడుసార్లు, నాలుగుసార్లు. చివరికి ఆ నిలబడ్డ అమ్మాయే బంతి అందుకుని గోల్ కొట్టింది. ఆట మొత్తానికి అదొక్కటే గోల్. మేము చూస్తున్న గోల్‌కీపర్ జట్టు ఓడిపోయింది. అత్తమ్మ మొహం ఎర్రబడింది. అంపైర్‌కు కళ్లు లేవని తేల్చేసింది.

జనం లేచి వెళ్తుంటే ఆమె మాత్రం మెట్లు దిగి కంచె దాకా వెళ్లింది. నేను వెనకాలే పరుగెత్తాను. ఓడిన గోల్‌కీపర్ అక్కడే కింద కూర్చుని కాళ్ల కవచాలు విప్పుకుంటోంది. ఇరవై ఏళ్లుంటాయేమో. తెలుగు రాదు, ఎక్కడో జార్ఖండ్ అమ్మాయట. ఆసుపత్రిలో నేర్చుకున్న హిందీలో అత్తమ్మ తానూ గోల్‌కీపర్‌నేనని చెప్పి, ఆ గోల్ చెల్లదని, ఆఫ్‌సైడ్ ఇవ్వాల్సిందని ఓదార్చింది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ కాసేపు అర్థంకానట్టు చూసింది. తర్వాత మెల్లగా, మర్యాదగా చెప్పింది. హాకీలో ఆఫ్‌సైడ్ లేదట. తీసేసి చాలా ఏళ్లయిందట. తాను పుట్టకముందే.

అత్తమ్మ కంచె పట్టుకుని ఖాళీ గోల్ వైపు చూసింది. "మరి వెనకొచ్చి నిలబడితే ఎట్ల ఆపుతవ్?" అని అడిగింది.

కష్టమేనంది ఆ అమ్మాయి. వెనక్కి కూడా చూస్తూ ఉండాలంది. కాళ్ల కవచం ఒకటి తీసి కంచె మీదుగా అందించింది. అత్తమ్మ దాన్ని బొటనవేలితో నొక్కి చూసింది, బరువు చూసింది, తిరిగిచ్చేసింది. ఆ అమ్మాయి కుడి మోకాలు వాచిందని గమనించి, ఐసు పెట్టాలని, ఎంతసేపు పెట్టాలో, దేనిలో చుట్టి పెట్టాలో కూడా చెప్పింది. అక్కడ మళ్లీ నర్సు అయిపోయింది. ఇద్దరూ చేతులు పట్టుకుని విడిపోయారు.

జనరల్ బజార్‌కు వెళ్లలేదు. తిరుగు బస్సులో తిరుమలగిరి దగ్గర రోడ్డు పనుల వల్ల చాలాసేపు ఆగిపోయాం. ఎన్నాళ్లుగానో నా మనసులో ఉన్నది అప్పుడడిగాను. ఆట ఎందుకు మానేసిందని. ఎవరు మాన్పించారని. తండ్రో, పెళ్లో, మామయ్యో, ఎవరో ఒకరి పేరు వస్తుందని సిద్ధంగా ఉన్నాను. కోపం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆమె ఆలోచించింది. "ఎవలు మాన్పిస్తరు? బడి అయిపోయింది. నర్సింగ్‌ల గ్రౌండు లేకుండె. కర్ర హాస్టల్‌ది, ఆడనే ఇచ్చి వచ్చిన." తర్వాత నా వైపు తిరిగి, "ఆడినన్ని దినాలు మంచిగ ఆడిన," అంది.

నాకు మొదట వెలితిగా అనిపించింది. ఆమెకు అన్యాయం జరిగిందని, ఈ ప్రయాణంతో దాన్ని కొంచెమైనా తీరుస్తున్నానని నాలో నేను ఒక కథ అల్లుకున్నానని అప్పుడు తెలిసింది. ఆమెకు ఆ కథ అవసరం లేదు. ఒక వయసులో చేతికొచ్చినదాన్ని ఇష్టంగా ఆడి, తిరిగి అప్పగించి, ఆ తర్వాత ప్రసూతి గదుల్లో అంతే ఇష్టంగా పనిచేసింది. ఆమెను బాధపెట్టింది గతం కాదు, ఇప్పటి ఈ ఖాళీ పగళ్లు. నేను వెతకాల్సిన చోటు అది. ఆ నెలలోనే ఆమె వారానికి మూడు పొద్దులు తూంకుంటలోని ఒక క్లినిక్‌లో బీపీలు చూడటానికి ఒప్పుకుంది. నేను ఊరికే క్లినిక్ పేరు చెప్పానంతే, మాట్లాడుకుంది ఆమే.

ఆ మ్యాచ్ జరిగిన మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో పాస్టరమ్మ ఆమెను ఆపింది. పోయిన వారం కనబడలేదేం, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అత్తమ్మ తడబడుతుందేమోనని నేను ముందుకొచ్చాను. ఆమె నన్ను పట్టించుకోకుండా, "సికింద్రాబాద్‌కు హాకీ చూడ పోయిన," అని చెప్పింది.

ఎవరు గెలిచారని అడిగింది పాస్టరమ్మ.