పిన్నులు తీయని చొక్కా

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. కువైట్‌లో మాకు భయపడటానికి వేరే చాలా ఉండేవి. ఇఖామా అనే నివాస అనుమతి కార్డు లేకుండా బతికున్న మనిషే వీధి దాటలేని దేశంలో చచ్చిపోయినవాడు ఎట్లా తిరుగుతాడని నవ్వేవాణ్ణి. ఆ అమావాస్య రోజు జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మాది రాయచోటి పక్కన పల్లె. కడుపు కోసం కడప వదిలినవాళ్ళం. మొదట పెద్దన్న కువైట్ వచ్చాడు. కుదురుకున్నాక అక్కను పిలిపించాడు, తర్వాత రెండోవాడు నడిపన్ననూ ఆయన భార్య మా వదిననూ, చివరికి నన్ను. ఇంట్లో ఆఖరివాణ్ణి కాబట్టి బట్టలైనా తిట్లైనా పైవాళ్ళు వాడగా మిగిలినవే నాకు దిగేవి.

పెద్దన్న ఒకసారి కట్టడం పనిలో సారవ కర్రల మీద నుంచి పడ్డాడు. అప్పటినుంచి ఎడమ భుజం జారిపోయి, ఒక పక్కకు ఒరిగి నడిచేవాడు. ఇరాక్ సైన్యం రావడానికి ముందటి ఏడాది నిద్రలోనే పోయాడు.

సైన్యం వచ్చాక మేం బ్నీద్ అల్ గార్‌లోని రెండు గదుల్లో ఇరుక్కున్నాం. అక్క దూరంగా మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట చేసేది. ఆ ఇంటి యజమానులు సౌదీకి పారిపోతూ అక్కను కాపలాకు ఉంచి వెళ్ళారు. కొన్నాళ్ళు ఫోన్ ఎత్తింది. తర్వాత మోగడమే తప్ప మాట లేదు. నడిపన్న రెండుసార్లు వెతకబోతే రెండుసార్లూ సైనికులు దారిలోనే తిప్పి పంపారు. రెండోసారి చేతి గడియారం కూడా లాక్కున్నారు.

ఇంతలో జోర్డాన్ వెళ్ళే బస్సులో మాకు చోటు దొరికింది. తెల్లారితే ఎక్కాలి. అక్కను వదిలి ఎక్కాలా, దొరికిన చోటు వదులుకోవాలా? ఇంట్లో అదే తగువు.

"ఆయమ్మను ఈడ పారేసి పోయి, ఊర్లో ఏం మొగం పెట్టుకోని తిరుగుతావు?" అని వదిన.

"ఉండి అందరమూ సచ్చేదా?" అని నడిపన్న.

ఆ రోజే పెద్దల అమావాస్య. మా వైపు ఆ రోజు పోయినవాళ్ళకు వండిపెట్టి, కొత్త బట్టలు పెడతాం. వాళ్ళు వచ్చి తినిపోవాలని గది తలుపు దగ్గరేసి బయట కూర్చుంటాం. తర్వాత ఆ బట్టలు ఇంట్లో చిన్నవాడు తొడుక్కోవాలి.

వడలకు మినప్పప్పు లేదు. వదిన అన్నం, చారు పెట్టి, వడల బదులు కువైట్ రొట్టె పెట్టింది. బట్టలకు, నడిపన్న ఊరికి పోయేటప్పుడు వేసుకోవాలని దాచుకున్న ఆకుపచ్చ గీతల కొత్త చొక్కా ఉంది. పెట్టే ముందు మడత విప్పి, పిన్నులు తీసి, కాలర్‌కు పసుపు పూయాలి.

"ఇప్పొద్దు. పొద్దన్నే పెట్టెలో సర్దాల," అన్నాడు నడిపన్న.

"పెద్దబావ పిన్నులతోనే ఏసుకుంటాడా?"

"పోవే, ఆయప్ప నీకన్నా ఓపిక గలోడు."

ఎవరికీ నవ్వు రాలేదు. మధ్యాహ్నం అజాన్ వినిపిస్తుండగా తలుపు దగ్గరేశాం. మళ్ళీ తగువులో పడి ఆ తలుపు తీయడం మరిచిపోయాం.

పొద్దు వాలకముందే వీధి తలుపు చప్పుడైంది. సైనికులనుకుంటూనే తీశాం. అక్క! చెప్పులు తెగిపోయి, కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఉంది. చెంబుడు నీళ్ళు తాగి, మొదట అడిగిన మాట ఇది.

"ఆ మనిషిని ఎవుర్రా పంపించింది? పైకి రాకుండా యాడికి పాయె?"

మేం ఎవరినీ పంపలేదు.

సైనికులకు భయపడి ఫోన్ ఎత్తకుండా దాక్కున్న ఆమె, తిండి అయిపోయి పొద్దున్నే బయలుదేరిందట. సైనికుల కాపలా కనబడగానే ఒక గోడ చాటున కూర్చుంది. వెనక్కి పోదామనుకుంటుండగా మధ్యాహ్నం అజాన్ వినబడింది. తలెత్తితే ముందు ఒక మనిషి నడుస్తున్నాడు. మనవాడే అనిపించి వెంటపడింది. సందుల్లోంచి తీసుకొచ్చాడు. పిలిస్తే పలకలేదు, ఈమె ఆగితే మాత్రం తానూ ఆగాడు. మా వీధి మలుపు దాకా కనబడ్డాడు.

"మొగం సూడనేల్యా. ఒక పక్కకు ఒరిగి నడిస్తా ఉండె. ఆకుపచ్చ గీతల కొత్త చొక్కా, ఈపు మీద మడతలు గూడా పోల్యా. దోవ పొడుగునా మెడ గోక్కుంటానే ఉండె, ఈడ," అని అక్క తన మెడ వెనక ఎముక మీద వేలు పెట్టి చూపించింది.

వదిన వెళ్ళి గది తలుపు తీసింది. చొక్కా పెట్టిన చోటే ఉంది, పెట్టిన మడతలోనే.

"ఎండకు తల తిరిగింటాది. గీతల చొక్కా ఈ ఊర్లో ఎంతమందికి ల్యా?" అన్నాడు నడిపన్న. సబబైన మాటే. కానీ మా వైపు చూడకుండా గోడతో అన్నాడు.

చిన్నవాణ్ణి కాబట్టి చొక్కా నా వంతు. పిన్నులన్నీ తీశాననుకుని తొడుక్కున్నాను. మెడ వెనక చురుక్కుమంది. కాలర్ కింద ఒకటి మిగిలిపోయింది, సరిగ్గా అక్క వేలు పెట్టిన చోట.

"పిన్ను తీయకుండా పెడితిమి గదా పెద్దబావా," అని వదిన కూలబడి ఏడ్చింది.

తెల్లారి అందరం బస్సెక్కాం. దారిలో ఒకసారి నడిపన్న చేయి చాపి నా కాలర్ సర్దాడు.

అక్క ఆ చొక్కాను అంతకుముందు చూడలేదు. ఆ విల్లాలో తెలుగు క్యాలెండర్ లేదు, అమావాస్య సంగతే ఆమెకు గుర్తులేదు. అలాంటి భుజం, అలాంటి చొక్కా ఉన్న ఇంకో మనిషి ఆ దారిన పోయి ఉండొచ్చు. చాలా ఏళ్ళు నాకు నేను అదే చెప్పుకున్నాను. మెడ సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఆగిపోతుంది.

ఇప్పుడు అక్క లేదు. ఆమె తర్వాత నడిపన్నా పోయాడు. పెద్దన్న తోడబుట్టిన మమ్మల్ని కువైట్‌కు పిలిపించుకున్న వరస కూడా అదే. ఆ లెక్కన తర్వాతి వీసా నాదే.

ఏటా పెద్దల అమావాస్యకు రెండు చొక్కాలు, ఒక చీర పెడతాను. ముందు రోజే మడతలు విప్పి, పిన్నులు తీసి డబ్బాలో వేస్తాను. తర్వాత కాలర్ల కింద వేలు పెట్టి తడుముతాను.

"నమ్మనంటావు, మళ్ళా ఏం ఎతుకుతాండావు?" అని నా భార్య ఆటపట్టిస్తుంది.

ఇంకోసారి తడుముతాను.