అమ్మ మడమ మీది నల్లమచ్చ

అమ్మ వరండాలో నడుస్తుంటే కుడి కాలు టక్కుమంటుంది, ఎడమ కాలి చెప్పు సర్రుమని రాసుకుంటుంది. ఈ ఉదయం కాఫీ కలుపుతూ ఆ చప్పుడు వింటుంటే, నిన్న పెళ్లిలో మా చిన్నత్త పదిమందిలో చెప్పిన కథ గుర్తొచ్చి మళ్లీ ఒళ్లు మండింది. "రూతమ్మ చేతిలో మహిమ ఉండె. ఆమె ముట్టుకుంటే చాలు, మా వదిన కాలి మీద రాచపుండు మాయమైపాయె" అంది. అందరూ తలలూపారు. ఇప్పుడు ఆ చేతిలో మహిమ ఉందంటున్న ఈ చిన్నత్తే ఆ రోజుల్లో రూతమ్మ దాహమంటే చెంబు ఎత్తిపట్టి, పైనుంచి దోసిట్లోకి నీళ్లు పోసేది. చెంబు అంచు కూడా ఆ చేతికి తగలనిచ్చేది కాదు. మహిమ అంటుకుంటుందని భయపడింది కాబోలు! నేను చెబుతున్నాను వినండి. రూతమ్మ చేతిలో ఏ మహిమా లేదు. ఆమెకు ప్రశ్నలు అడగడం వచ్చు. మా అమ్మ సమయానికి డాక్టరు కత్తి దాకా చేరింది ఆ ప్రశ్నల వల్లే.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. రూతమ్మ మార్కాపురంలో మిషను దవాఖానా నర్సు. కూలి చేసుకునే కిరస్తానీ ఇంట్లో పుట్టి, మిషను వాళ్ల దగ్గరే చదువుకుని, పని నేర్చుకుంది. తెల్ల చీర, నల్ల గొడుగు, చేతిలో రేకుపెట్టె. మశూచికి టీకాలు వేస్తూ పెద్దారవీడు చుట్టుపక్కల ఊళ్లన్నీ నడిచే తిరిగేది.

మాది గొర్రెల ఇల్లు. నల్లమల అంచు దాకా మంద వెంట నడిచే కాళ్లు. తుమ్మముల్లు విరగని అరికాలు మా ఇంట్లో లేదు. తోలులో నల్లచుక్క కనిపిస్తే దాని మీద జిల్లేడు పాలు వేయడం, నాలుగు రోజులాగి పిన్నీసుతో కెలికి తీయడం, మాకు తెలిసిన వైద్యం అంతే. ముళ్లు తీయడంలో నాయన పేరున్నవాడు. పక్క ఊళ్ల నుంచి కూడా కుంటుకుంటూ ఆయన దగ్గరికి వచ్చేవారు. కాబట్టి అమ్మ ఎడమ మడమ మీద కందిగింజంత నల్లమచ్చను ఏడాదిపాటు ఇంటిల్లిపాదీ ముల్లనే అనుకున్నాం. "ఇది మొండిముల్లు. పక్వానికి రానీ" అనేవాడు నాయన. నాకు అంత ఓపిక ఎక్కడిది? పన్నెండేళ్లదాన్ని, నాయన కంటే నాకే ఎక్కువ తెలుసనుకునే రోజులు. ఆయన మంద తోలుకుపోయిన ఒక పొద్దున పిన్నీసు తీసుకుని నేనే గుచ్చాను. ముల్లు రాలేదు, రక్తం వచ్చింది. అమ్మ పసుపు అద్దుకుని, "మీ నాయనకు చెప్పొద్దు, నీ ఈపు పగలగొడతాడు" అంది.

మూడు రోజుల తర్వాత రూతమ్మ టీకాలకు వచ్చింది. అమ్మ అరుగు మీద కూర్చుని మడమ మీద జిల్లేడు పాలు వేసుకుంటోంది.

"ఏంది సుబ్బక్కా, కాలికి?"

"ముల్లు రూతమ్మా. దిగి ఏడాదయింది, బయటికి రాదు."

"ఏడాదైనా చీము పట్టని ముల్లు యాడన్నా ఉంటదా అక్కా?"

పెట్టె కింద పెట్టి అమ్మ కాలు ఒళ్లోకి తీసుకుంది. మొదట ఎంత ఉండేది, ఇప్పుడు ఎంతయింది? అంతా ఒకే నలుపా, మొదట్నుంచీ ఈ అంచులు ఇట్లనే ఉన్నాయా? వేలితో తడిమితే ఎత్తుగా తగులుతోందా? తర్వాత గజ్జలు చూడాలంది. అరుగు మీద చూసేది కాదు కాబట్టి అమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపేసింది. "ఇల్లంతా అలకాల ఇంక" అని గొణిగింది చిన్నత్త, నిన్న మహిమ గురించి చెప్పిన ఆ నోటితోనే. బయటికి వచ్చి, "గజ్జల్లో బిళ్ళ లేదు" అంది రూతమ్మ. ముఖం తేటగా ఉంది. "రక్తమెప్పుడన్నా కారిందా?"

"మొన్న కారింది."

"దానంతట అదేనా, ఎవురన్నా గుచ్చినారా?"

అమ్మ నా వంక చూసింది. "దానంతట అదే."

రూతమ్మ ముఖంలో తేట పోయింది. పెట్టె మీద కాగితం పెట్టి పెన్సిలుతో పెద్దాసుపత్రి డాక్టరుకు చీటీ రాయడం మొదలుపెట్టింది. అప్పుడే మందను వదిలి వచ్చిన నాయన అది ముల్లు కాదు, రాచపుండేమో అని విని, "ఇవన్నీ ఎందుకు, బతుకుతుందా లేదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు.

"అన్నా, ఒకడు ముల్లు దిగిందని వస్తే, నడుస్తాడో కుంటుతాడో కాలు చూడకుండానే చెప్తావా?"

"ఎట్ల చెప్తా? ఎంత లోతు దిగిందో చూడాల. చీము పట్టిందో లేదో చూడాల."

"ఇదీ అంతే. పైతోలులోనే ఉందా, కండలోకి దిగిందా, దానంతట అది పగిలి పుండు పడిందా, గజ్జల్లోకి పాకిందా, ఇంకా లోపలికి పోయిందా. వాటిని బట్టి చెప్తారు. నేను కాదు, డాక్టరమ్మ చెప్తది."

"పాకితే?"

"మాయమ్మకు పాకింది" అంటూ గొడుగు తీసుకుని లేచింది. "రేపు పొద్దున్నే బండి కట్టు. నేనూ వస్తా. రైలుకు అందాల."

దానంతట అది పగలడం వేరే లెక్క అని నాకు అర్థమైంది. ఊరు దాటి కొర్రచేని గట్టున పోతున్న ఆమె వెంట పరుగెత్తాను.

"సిస్టరమ్మా, నేనే గుచ్చినా. పిన్నీసుతో."

ఆగిపోయింది. "అంతకుముందు ఎప్పుడన్నా రక్తం కారిందా? నిజం చెప్పు."

"ఒట్టు. ఎప్పుడూ లేదు."

గట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే నా చెవి మెలిపెట్టింది. "నీ చెయ్యి పడ! ఎంత భయపెట్టినావే! దానంతట అదే పగిలితే ఒక దారి, నువ్వు పొడిస్తే ఒక దారి. అబద్ధం చెప్తే డాక్టరు ఏ దారిన పోవాల? ఇంకోసారి కెలికినావంటే మీ నాయనకు నేనే చెప్తా." మొదటి చీటీని ముక్కలు ముక్కలు చేసి, ఇంకొకటి రాసుకుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మచ్చతో పాటు చుట్టూ చాలా కండ తీసేసి, తొడ తోలు తెచ్చి మడమకు అతికించింది. తీసిన ముక్కను మద్రాసు పంపారు. మూడు వారాలు జాబు రాలేదు. ఆ మూడు వారాలూ నాయన ఎవరి ముల్లూ తీయలేదు. ఒక మిట్టమధ్యాహ్నం గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, ఎండలో ఇంచుమించు పరుగెత్తుతూ వచ్చింది రూతమ్మ. "పైపొరల్లోనే ఉందంట అన్నా! లోతుకు దిగలేదంట!" నాయన తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత తనే లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, పైనుంచి పోయకుండా చెంబును ఆమె చేతికే ఇచ్చాడు. చిన్నత్త చూసింది. ఈ భాగం మాత్రం ఆమె కథలో ఎప్పుడూ ఉండదు. రూతమ్మ గటగటా తాగి, "సంబరపడండి గానీ, అరికాలిది నమ్మేది కాదు. మూడు నెలలకోసారి వచ్చి గజ్జలు చూస్తా" అంది. ఏళ్ల తరబడి వచ్చి చూసింది.

ముప్పై ఏళ్లు దాటింది. మా తాలూకా ప్రకాశం జిల్లాలో కలిసింది. ఆ లోతును ఇప్పుడు కొలిచి మరీ చెబుతున్నారట. నేను చదువుకుని కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఎవరైనా ఖాయంగా ఒక మాట అంటే "దేన్నిబట్టి?" అని అడుగుతాను. స్టాఫ్ రూములో నన్ను గయ్యాళి అంటారు. అననీ. ఆ మాట పెట్టిన భిక్షే మా అమ్మ.

కాలేజీ సెలవుల్లో ఒకసారి రూతమ్మనే అడిగాను, మీ అమ్మదీ అట్లాంటి మచ్చే కదా, ఆమె ఎందుకు దక్కలేదని. "మాయమ్మది పగిలినాక చూసినారు. గజ్జల్లో బిళ్ళ కట్టినాక చూసినారు. కూలికి పోయేదాని అరికాలు ఎవురు చూస్తారు పాపా?" అంది. ఆ మొదటి చీటీలో ఏం రాసిందో కూడా అడిగాను. "చింపిన చీటీ సంగతి అడగొద్దు" అని నవ్వేసింది. ఆమె పోయి ఆరేళ్లు. ఆ చీటీలో ఏమున్నా డాక్టరమ్మ తన కళ్లతో చూసే తేల్చేదని నాకు తెలుసు, వాదించడానికి ఎవరూ రానక్కరలేదు. అయినా అమ్మ చెప్పు సర్రుమన్నప్పుడల్లా అడగాలనిపిస్తుంది. రూతమ్మా, ముఖం వాడిపోయి, పెట్టె మీద వంగి నువ్వు రాసిన ఆ మొదటి చీటీ మా అమ్మ కాలి గురించేనా, మీ అమ్మ కాలి గురించా?